మహిళా సభ్యురాలి అభిప్రాయం

మార్చి 3

బాబాయ్ గారికి,

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. అత్తయ్య మోకాలు ఒక్కటే బాగా లేదు. మా ఇంట్లో ఆవిడ కంటే ఆ మోకాలే ఎక్కువ పనులు చెబుతోంది. మీరు ఫోన్ చేసినప్పుడల్లా నేను "ఊ", "ఆ" తప్ప ఏమీ అనలేదని పిన్ని కోప్పడిందట. ఏం చేయను, ఫోన్ చెవిన పెట్టుకుంటే నాకు నోరు పెగలదు. కాగితమైతే ఎదురు ప్రశ్నలు వేయదు. అందుకే రాస్తున్నాను. ఆరో తరగతి చేతిరాత, సర్దుకుని చదువుకోండి.

ఒక వింత చెబుతాను, నవ్వకండి. నన్ను మా పేట నేర నివారణ కమిటీలో మహిళా సభ్యురాలిగా వేశారు. మొన్న మా ఆయనకు భోజనం క్యారియరు ఇవ్వడానికి తాళాల కొట్టుకి వెళ్లాను. స్టేషన్ ఇన్‌స్పెక్టరు గారు బీరువా తాళంచెవి పోగొట్టుకుని అక్కడికే వచ్చారు. పోలీసుల వస్తువు పోతే ఎవరికి చెప్పుకుంటారో అని చిన్నప్పటి నుంచీ నాకు అనుమానం. మా ఆయనకు చెప్పుకుంటారట.

"మీ ఆవిడా?" అన్నారు నన్ను చూసి.

"అవును సార్."

"మాటకారేనా?"

"పెళ్లయి ఏడాదైంది సార్. ఇప్పటికి ఓ పది మాటలు మాట్లాడి ఉంటుంది. అందులో ఎనిమిది 'ఉప్పు సరిపోయిందా' అనే."

"అయితే ఈవిడే!" అన్నారు ఇన్‌స్పెక్టరు గారు. కమిటీకి ఒక ఆడమనిషి ఉండి తీరాలని రాజధాని నుంచి ఉత్తర్వు వచ్చిందట. పేటలో నోరున్న వాళ్లందరినీ తీసేస్తే నేను మిగిలాను.

మర్నాడు స్టేషన్ రైటరు కాగితాలు తెచ్చాడు. మీటింగు జరిగిందట, అందరూ వచ్చారట, నేరాలు సున్నా. కింద "మహిళా సభ్యురాలి అభిప్రాయం" అని ఒక గడి. అందులో అప్పటికే నా అభిప్రాయం రాసి ఉంది: పరిస్థితి సంతృప్తికరంగా ఉన్నది. నా అభిప్రాయం అంత గుండ్రంగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. "నేనలా అనలేదండీ" అందామనుకున్నాను. అనుకునేలోపు సంతకం అయిపోయింది. ఫిబ్రవరిది ఒకటి, మార్చిది ఒకటి. "మాటిమాటికీ ఇబ్బంది పెట్టడం ఎందుకమ్మా" అని ఏప్రిల్‌ది కూడా పెట్టించుకున్నాడు. కాగితం మీద ఉన్న తేదీన నేను అత్తయ్య మోకాలికి కాపడం పెడుతున్నాను. కాబట్టి మీటింగు ఆ మోకాలి దగ్గరే జరిగి ఉండాలి.

ఈ కాగితాలు మీ ఆఫీసుకే వస్తాయట కదా. నా సంతకం కనబడితే చూడండి.

మీ అత్తిపత్తి

*

మార్చి 14

అమ్మాయ్ అత్తిపత్తీ,

ముట్టుకుంటే ముడుచుకుపోతావని ఆ పేరు పెట్టింది నేనే. ఇప్పుడు వెనక్కి తీసుకోవాలేమో! నీ ఉత్తరమూ, మీ పేట ఫిబ్రవరి నివేదికా ఒకే రోజు నా బల్ల మీదకి వచ్చాయి. నీ సంతకం చూసి పక్క బల్ల వాడికి కూడా చూపించాను. "మా అన్న కూతురు" అన్నాను. "చివర తోక వంకరగా ఉందే" అన్నాడు. వాడికి అసూయ.

నేనేం ఉద్యోగం చేస్తానో మన ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలియదు, నీకు చెబుతాను. దేశంలో పోలీసులు ఎలా పనిచేస్తున్నారో ప్రభుత్వం వెయ్యి కళ్లతో చూస్తోందని మంత్రిగారు సభలో అన్నారు. ఆ వెయ్యిలో తొమ్మిది వందల తొంభై ఎనిమిది ఖాళీ పోస్టులు. మిగిలిన రెండూ నావి. వాటిలో ఒకదానికి శుక్లం.

నెలకు నాలుగు వేల నివేదికలు వస్తాయి. పైన తేదీ చూస్తాను, అంకె చూస్తాను, కింద సంతకం చూస్తాను. సున్నా అయితే ఆకుపచ్చ పెన్సిలు, ఐదు లోపు పసుపు, ఆపైన ఎరుపు. అదే అలవాటై పోయింది. మీ పిన్ని రాసిచ్చిన సరుకుల చీటీలో కూడా మొదటిదీ చివరిదీ చూసి తెచ్చేస్తున్నాను. మధ్యలో ఉన్నవాటి గురించి ఇంట్లో రోజూ యుద్ధమే.

మీ పేట ఏడాదిగా సున్నా. దేశమంతా మీ పేటలా ఉంటే ఆకుపచ్చ పెన్సిళ్లకే బడ్జెట్ చాలదు. మా పెద్దసారుతో "మా అమ్మాయి ఉన్న పేట సార్" అని కాస్త గొప్పగానే చెప్పాను. ఆదర్శ పేటగా ప్రకటించడానికి తనే వచ్చి చూస్తానంటున్నారు.

ముడుచుకోకుండా ఉండు.

బాబాయ్

*

ఏప్రిల్ 6

బాబాయ్ గారికి,

కుట్టుమిషను గురించి మీకు ఒక మాట రాయాలని నాలుగు రోజులుగా కాగితం ముందేసుకుని కూర్చుంటున్నాను.

మా ఎదురింట్లో కుట్టుపని చేసే ఆవిడ ఉంది. ఒంటరి మనిషి. బడిపిల్లల యూనిఫారాలు కుట్టి బతుకుతుంది. ఈ నెల రెండో తేదీన ఆవిడ సరుకు ఇచ్చి వచ్చేసరికి తలుపు గడియ ఊడి ఉంది. మిషను లేదు. దాని కాళ్లు ఉన్నచోట నేల మీద నాలుగు గుంటలు మాత్రం ఉన్నాయి. గడియ ఊడటం నేనూ వెళ్లి చూశాను. ఆవిడ స్టేషన్‌కి మూడుసార్లు తిరిగింది. మూడోసారి రైటరు ఏప్రిల్ కాగితం తీసి చూపించాడట. "ఈ నెల మన పేటలో దొంగతనాలు లేవు. ఇదిగో, మీ ఎదురింటి అమ్మాయే సంతకం పెట్టింది" అన్నాడట. ఏప్రిల్ నెలంతా సంతృప్తికరంగా ఉందని నేను మార్చిలోనే చెప్పేశాను కదా. జ్యోతిషం చెప్పుకుని బతకొచ్చు నేను.

అప్పటి నుంచి ఆవిడ మా గుమ్మం వైపు చూడటం లేదు. నేనే స్టేషన్‌కి వెళ్లి చెబుదామంటే అత్తయ్య అడ్డుపడింది. "తాళాలవాడి పెళ్లాం దొంగల భయం పెట్టి మొగుడి బేరం పెంచుకుంటోందంటారు, ఊరుకో" అంది. నాకు ఊరుకోవడం ఎవరూ నేర్పక్కర్లేదు. కానీ ఈసారి ఊరుకోవడం చేతకావడం లేదు. మీ ఆఫీసు నుంచి ఒక్క మాట వస్తే ఆవిడ ఫిర్యాదు రాసుకుంటారేమో.

అడగడానికి నాకు సిగ్గుగానే ఉంది. ఒక కుట్టుమిషనే కదా అని తీసిపారేయకుండా మీ చేతనైంది చేయండి.

మీ అత్తిపత్తి

*

ఏప్రిల్ 15

పిచ్చిపిల్లా,

కుట్టుమిషను కావాలని అడగడానికి నాలుగు రోజులు కూర్చున్నావా? బాబాయిని అడగడానికి సిగ్గేమిటే? నీ పెళ్లికి నేనేం ఇచ్చాను, ఒక గోడ గడియారం. అదీ నిమిషాలు తినేస్తుందని మీ అత్తగారు అన్నారట, నా చెవిన పడింది.

నిన్ననే బజారుకు వెళ్లి మిషను కొన్నాను. కొత్తది కాదు, కానీ మంచి ఇనుము. మీ పిన్ని సూది పెట్టి నడిపించి చూసి సరే అంది. లారీ పార్సిల్లో వేశాను, వారంలో వస్తుంది. హాయిగా కుట్టుకో.

అసలు సంగతి: మా పెద్దసారు మే 6న మీ పేటకు వస్తున్నారు. మహిళా సభ్యురాలు రెండు మాటలు మాట్లాడాలని కార్యక్రమంలో వేశారు. రెండంటే రెండే. ఇప్పటి నుంచీ అద్దం ముందు సాధన చెయ్యి.

బాబాయ్

*

ఏప్రిల్ 27

బాబాయ్ గారికి,

ఈ ఉత్తరాన్ని దయచేసి మధ్యలో కూడా చదవండి. కావాలంటే మొదలూ చివరా వదిలేయండి.

నాకు మిషను అక్కర్లేదు. నాకు సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు. ఎదురింటావిడ మిషనును ఎవరో ఎత్తుకుపోయారు, స్టేషన్లో రాసుకోవడం లేదు, మీరేమైనా చేయండి అని నేను రాశాను. మీరు చేశారు. ఎదురింట్లో మిషను పోయిన ఇరవై రోజులకి, ఏ తాళమైనా తీయగల మనిషి ఇంటి ముందు లారీ ఆగి ఒక పాత కుట్టుమిషను దిగింది. పేటంతా గుమ్మాల్లో నిలబడి చూసింది. గుమ్మడికాయల దొంగ అనకముందే నేను భుజాలు తడుముకున్నాను.

ఎదురింటావిడ వచ్చి మిషను చుట్టూ ఒకసారి తిరిగింది. చక్రం తిప్పింది. "నాది కాదు" అంది. తర్వాత గుమ్మం దగ్గర ఆగి "రంగు వేస్తే మాత్రం ఎవరికి తెలుస్తుందిలే" అంది. ఆ మాట సాయంత్రానికి ఇన్‌స్పెక్టరు గారికి చేరింది. ఆయన కొట్టు దగ్గరికి వచ్చి మా ఆయన పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నారు.

"కంగారు పడకయ్యా. దొంగతనం జరగలేదు కాబట్టి నువ్వు దొంగవి కావు. మా లెక్కలో సున్నా. ఆ సున్నా ఉన్నంతకాలం నీకు ఢోకా లేదు" అన్నారు.

"నేను తీయలేదు సార్."

"నేననడం లేదే! కానీ పెద్దసారు వచ్చినరోజు ఎవరైనా దొంగతనం జరిగిందని నోరు జారారనుకో, మరి దొంగ ఎవరని వెతకాలి కదా. వెతకడం మొదలుపెడితే దగ్గర్లోంచే మొదలుపెడతాం."

ఇదీ సంగతి. నిజం చెబితే మా ఆయన స్టేషన్లో కూర్చోవాలి. చెప్పకపోతే ఎదురింటావిడ జన్మలో మిషను ముఖం చూడదు. యూనిఫారాల పని ఇప్పటికే పక్క వీధి వాళ్లకి వెళ్లిపోయింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి, మధ్యలో మీరు పంపిన మిషను. అత్తయ్య దాని మీద దుప్పటి కప్పింది. దుప్పటి కప్పాక ఇంకా దొంగసొమ్ములా కనబడుతోంది.

మిషను కొన్న రశీదు మీ దగ్గర ఉందా? ఉంటే వెంటనే పంపండి. పెద్దసారు వచ్చేలోపు అందితే మంచిది.

అత్తిపత్తి

*

మే 4

అమ్మాయ్,

మధ్యలో చదివాను. చదివి కుర్చీలో వెనక్కి వాలితే కుర్చీ కూడా నన్ను భరించలేక కిర్రుమంది.

రశీదు ఉంది. దాని మీద నా పేరు ఉంది, అదే చిక్కు. నివేదికలు పరిశీలించే వాడు నివేదిక మీద సంతకం పెట్టిన మనిషికి కానుక పంపకూడదని నియమం. ఆ నియమం అన్ని స్టేషన్లకీ చేరేలా సర్క్యులర్ రాసింది ఎవరనుకున్నావ్? నేనే. చివరి వాక్యం చాలా బాగా వచ్చిందని పెద్దసారు మెచ్చుకున్నారు కూడా.

పెన్షన్‌కి పద్నాలుగు నెలలుంది. ఇరవై ఆరేళ్లు తల వంచుకుని పెన్సిలు గీశాను. పిన్నికి మందులున్నాయి, నీకు తెలుసు.

అందుకని నా మాట విను. ఎల్లుండి ఆ సున్నాను కదపకు. రశీదు ఊసెత్తకు. "అంతా బాగుంది" అని కూర్చో. అవి రెండు మాటలే. పెద్దసారు వెళ్లిపోయాక ఎదురింటావిడకు నేను పేరు లేకుండా ఇంకో మిషను పంపిస్తాను. ఇలా రాస్తున్నందుకు నాకే సిగ్గుగా ఉంది. మన ఇంట్లో సిగ్గు నీ ఒక్కదానికే ఉందనుకునేవాణ్ణి.

ఈ ఉత్తరం చింపెయ్.

బాబాయ్

*

మే 7

బాబాయ్ గారికి,

మీ నుంచి జవాబు రాలేదు. పోస్టువాడి కోసం నిన్న ఉదయం దాకా చూశాను.

నిన్న స్టేషన్ హాల్లో కొత్త కుర్చీలు వేశారు. గోడకు "ఆదర్శ పేట" అని బ్యానరు కట్టారు. ఒక వైపు మేకు ఊడి అది "పేట" దగ్గర వేలాడింది. కమిటీ అధ్యక్షుడు పెద్దమాస్టారు పావుగంట ప్రసంగించారు. మేమంతా కలిసి కూర్చోవడం అదే మొదటిసారి కనుక ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. తర్వాత నన్ను పిలిచారు.

లేచాను. అద్దం ముందు సాధన చేసిన రెండు మాటలూ అద్దంలోనే ఉండిపోయాయి. ఇన్‌స్పెక్టరు గారు నవ్వి "సిగ్గండి సార్, మా పేట ఆడవాళ్లు అలాగే ఉంటారు" అన్నారు.

"పరవాలేదమ్మా, రాసివ్వు" అన్నారు పెద్దసారు. పాపం, ఆయన మంచికే అన్నారు.

ఏప్రిల్ కాగితం ఇప్పించమని చేత్తో సైగ చేశాను. నా గడిలో ఉన్న గుండ్రని అభిప్రాయం కొట్టేసి కింద రాశాను. ఏప్రిల్ రెండున ఎదురింట్లో కుట్టుమిషను పోయింది, ఊడిన గడియ నేను చూశాను, ఆవిడ మూడుసార్లు వచ్చినా రాసుకోలేదు, ఏ నెలా మీటింగు జరగలేదు, ఏప్రిల్ కాగితం మీద నేను మార్చిలోనే సంతకం పెట్టాను, తప్పు నాదే. రాయడానికి చాలాసేపు పట్టింది. గడి చిన్నది కాబట్టి అంచు మీదకి తిప్పి, అక్కడ అచ్చువేసిన మంత్రిగారి సంతకం పక్క నుంచి పైకి రాసుకుంటూ పోయాను.

పెద్దసారు చదివారు. పైనుంచి కింద దాకా, తర్వాత కాగితం తిప్పి అంచు కూడా. "ఆవిడ ఫిర్యాదు రాయండి" అన్నారు ఇన్‌స్పెక్టరు గారితో. ఆ ఒక్క ముక్కే.

ఇన్‌స్పెక్టరు గారు నా వైపు తిరిగారు. "రాస్తాం సార్. మరి మీ ఇంట్లో ఉన్న మిషను ఎక్కడిదమ్మా?"

దానికి మాత్రం నా పాత నోరే తోడొచ్చింది. మీ పేరు నేను చెప్పలేదు బాబాయ్. నా సంతకం గురించి చెప్పడం నా పని. మీ రశీదు గురించి చెప్పడం మీది అనిపించింది.

మా ఆయన్ని విచారణకు రమ్మన్నారు. స్టేషన్ మెట్ల మీద నన్ను చూసి "మొత్తానికి మాట్లాడావు. ఆ మొదలుపెట్టేదేదో నన్ను వదిలేసి మొదలుపెట్టకూడదా?" అన్నారు. కోపంగా అన్నారో నవ్వుతూ అన్నారో, నేను తలెత్తలేదు కాబట్టి తెలియలేదు. సాయంత్రం పంపించారు. రేపు మళ్లీ రమ్మన్నారు.

అత్తిపత్తి

మే 8. కవరు అంటించబోతుంటే మీ ఉత్తరం వచ్చింది. మొత్తం చదివాను. ఇక రశీదు పంపమని అడగను. ఇవాళ కూడా ఆయన పొద్దున వెళ్లారు. లాకప్ తాళం పడటం లేదట, ఎలాగూ వచ్చావు కదా బాగుచేయమన్నారట. బాగుచేశాక అది పడుతోందో లేదో చూడటానికి లోపల ఎవరిని పెడతారోనని అత్తయ్య ఏడుస్తోంది.

*

మే 14

అమ్మాయ్,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నాలుగోసారి మధ్యలోంచి మొదలుపెట్టాను.

మూడు రోజులు రశీదు చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాను. చొక్కా ఉతకడానికి తీసుకుంటూ పిన్ని చూసింది. "ఇదేనా ఆ కాగితం?" అంది. అవునన్నాను. "ఆ పిల్ల నోరు మూసుకుని మిమ్మల్ని కాపాడుతోంది. మీరు నోరు మూసుకుని ఆ పిల్ల మొగుణ్ణి కూర్చోబెడుతున్నారు. మీ ఇద్దరి సిగ్గూ ఒకటి కాదండీ" అంది. నా మందులకి డబ్బెలా అని మాత్రం అడగలేదు. అడిగితే బాగుండు, దాక్కోవడానికి ఒక చోటు ఉండేది.

పెద్దసారు గదిలోకి వెళ్లి రశీదు బల్ల మీద పెట్టాను.

"ఇదేమిటి?"

"ఆ మిషను నేను కొన్నది సార్."

"సభ్యురాలికి కానుక పంపారా? ఆ సర్క్యులర్ రాసింది మీరే కదయ్యా?"

"కావాలని పంపలేదు సార్. ఆ అమ్మాయి ఉత్తరం మధ్యలో చదవక పంపాను."

"మధ్యలో చదవకపోవడం ఏమిటి?"

"నేను దేన్నీ మధ్యలో చదవను సార్. నివేదికలు కూడా."

ఆయన కళ్లజోడు తీశారు. "ఎన్నాళ్లుగా?"

"ఇరవై ఆరేళ్లు సార్."

కళ్లజోడు తుడిచి మళ్లీ పెట్టుకున్నారు. తర్వాత నా ముందే మీ స్టేషన్‌కి ఫోన్ చేసి మీ ఆయన్ని పంపించేయమన్నారు. ఫోన్ పెట్టేసి నన్నూ పంపించేశారు. విచారణ తేలేదాకా సస్పెన్షన్. పెన్షన్ వస్తుందో, ఎంత వస్తుందో తెలియదు. రశీదు నకలు ధ్రువీకరించి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను, దాచుకో.

పెన్సిళ్లు పక్క బల్ల వాడికి అప్పగించి వచ్చాను. ఇంటికొచ్చాక సరుకుల చీటీ ఇచ్చింది పిన్ని. పన్నెండు వస్తువులు. పన్నెండూ తెచ్చాను. "ఉద్యోగం పోతే గానీ సగ్గుబియ్యం ఇంటికి రాలేదు" అంది.

నామీద జాలిపడకు. నిన్ను చూసి నేను ముడుచుకుపోయాను, అంతే.

బాబాయ్

*

జూన్ 2

బాబాయ్ గారికి,

మా ఆయన ఇంట్లోనే ఉన్నారు. పెద్దసారు ఫోన్ వచ్చిన గంటకే పంపించారు. లాకప్ తాళం మాత్రం నిక్షేపంగా పడుతోందట. మీకు ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలియక పది రోజులు ఆగాను. పిన్ని మందుల కోసం మా ఆయన మనిషి ద్వారా కొంత పంపిస్తున్నారు, కాదనకండి. కాదంటే నేను ఫోన్ చేయాల్సి వస్తుంది, నా "ఊ", "ఆ"లు మీరు భరించలేరు.

పెద్దసారు చెప్పినా ఎదురింటావిడ స్టేషన్‌కి వెళ్లనంది. "మూడుసార్లు వెళ్తే అబద్ధాలకోరునన్నారు. ఇప్పుడు పిలిస్తే పరిగెత్తాలా? రాసుకునేవాళ్లే రావాలి" అంది. అందుకని నిన్న కమిటీ మీటింగు పెద్దమాస్టారి వరండాలో పెట్టారు. నిజం మీటింగు. ఇన్‌స్పెక్టరు గారు ముఖం ఒక పక్కకి పెట్టుకుని కూర్చున్నారు. ఎవరూ రారనుకున్నాం. వరండా మెట్ల మీద కూడా చోటు లేకుండా వచ్చారు. సైకిలు పోయినవాడు, గొలుసు పోయినావిడ, పది నెలల కిందట నీళ్ల మోటారు పోయినాయన. వాళ్లంతా ఇన్నాళ్లూ ఆ సున్నాలోనే ఉన్నారు బాబాయ్. మీ ఆఫీసు వాళ్లకి ఈ నెల మా పేట చూస్తే ఎర్ర పెన్సిలు అరిగిపోతుంది.

ఎదురింటావిడ చివరగా వచ్చింది. కూర్చోలేదు. నన్నే చూసింది.

"ఏప్రిల్లో దొంగతనాలు లేవని మార్చిలో సంతకం పెట్టింది నువ్వేనా?"

అందరూ నా వైపు తిరిగారు. కాగితం కోసం చెయ్యి చాచాను. రైటరు ఇవ్వబోయాడు. ఆవిడ అతని చేతి మీద చెయ్యి వేసి ఆపింది. "రాసి కాదు. నాకు చదవడం రాదు" అంది.

మాట వచ్చింది, సన్నగా, మెట్ల మీదివాళ్లకి వినబడిందో లేదో.

"అవునండీ. నేనే పెట్టాను. చదవకుండా పెట్టాను."

ఆవిడ నా ఎదురుగా ఉన్న కుర్చీ లాక్కుని కూర్చుంది.

"సరే, రాసుకో" అంది. "నల్ల మిషను. కుడివైపు చక్రం మీద గీత. కొని పదకొండేళ్లు."

రైటరు చేతిలోని కాగితం తీసుకుని నేను రాయడం మొదలుపెట్టాను. నాది నెమ్మది చెయ్యి కదా, ఆవిడ మాట దాటి వెళ్లిపోతోంది. "చక్రం దగ్గర ఉన్నానండీ" అన్నాను.

ఆవిడ ఆగింది. నేను అందుకునేదాకా ఆగి, మళ్లీ చెప్పింది.

అత్తిపత్తి